మోతి చూసే దిక్కు

మూఢం పడిందంటే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కు దేవుడే సెలవిచ్చినట్టు. మొన్నటి చలికాలమంతా ముహూర్తాలు లేవు. మహబూబాబాద్‌లో నా స్టూడియో షట్టర్ రోజూ ఎత్తేదాన్నే గానీ, పాస్‌పోర్టు ఫొటోల కోసం తప్ప మనిషి లోపల అడుగు పెట్టేవాడు కాదు. పెళ్లిళ్లు లేకపోయినా పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. దంతాలపల్లి దగ్గర మా ఊరికి మా అన్న దేవేందర్ సర్పంచిగా గెలిచాడు.

ఆయన గెలిచిన కొద్ది రోజులకే జనగామ నుంచి నాకు ఫోను వచ్చింది. విజయలక్ష్మి గారని, వాళ్ల చుట్టాల పెళ్లిలో నా ఫొటోలు చూసి నంబరు తీసుకున్నారట.

"మా బ్రూనోకు బర్త్‌డే ఉన్నదమ్మా, ఇంట్లనే. వచ్చి మంచిగ ఫొటోలు తీస్తవా?"

మనవడు కాబోలనుకున్నాను. తీరా వెళ్తే మెడలో పూసల దండ వేసుకుని సోఫాలో కూర్చున్న లాబ్రడార్ కుక్క! పెళ్లికూతుళ్లను తీసిన చేతులతో కుక్కను తియ్యాలా అని ఒక్క క్షణం ఉడుక్కున్నాను. మూఢం గుర్తొచ్చి బ్యాగు విప్పాను.

బ్రూనో కెమెరా వైపు చచ్చినా చూడదే! ఈల వేశాను, బిస్కెట్టు చూపించాను, పిల్లిలా అరిచాను కూడా. చివరికి విజయలక్ష్మి గారి కూతురు స్పందన నవ్వు ఆపుకుంటూ వచ్చి, "అక్కా, అది నన్నే చూస్తది. నువ్వు కింద పండుకో, నేను నీ ఎనుక నిలబడ్త" అంది. నేల మీద బోర్లా పడుకున్నాను. ఆ పిల్ల వెనక నిలబడగానే బ్రూనో తల తిప్పి సూటిగా చూసింది. ఫొటోలో మాత్రం కెమెరాకే ఫోజిచ్చినట్టు పడింది. కుక్క ఎవరిదో తెలుసుకోవాలంటే అది చూసే దిక్కు చూస్తే చాలని ఆ రోజే నేర్చుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా వదిన హరిత పొట్ట పట్టుకుని నవ్వింది.

"కుక్కకు కేకు తినవెట్టిన్రా?" అంది మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఉప్పలమ్మ. మంచం కింద పడుకున్న మా కుక్క మోతిని కాలితో నిమురుతూ, "ఇన్నవారా? నీకు సద్ది బువ్వ, దానికి కేకట" అంది.

అన్న మాత్రం నవ్వలేదు. మర్నాడు ఆయన మొదటి గ్రామసభ. సభ కుక్కల మీదే.

ఎందుకంటే ప్రచారం నడుస్తుండగా తండాలో సక్రు కూతురు సంగీతను కుక్క కరిచింది. ఏడేళ్ల పిల్ల, బుగ్గ చీలిపోయింది. అన్న ప్రచారం వదిలేసి ఆ పిల్లను బండి మీద మహబూబాబాద్ దవాఖానకు తీసుకెళ్లాడు. కుట్లు వేస్తున్నంతసేపూ ఆమె తల కదలకుండా పట్టుకున్నది ఆయనే. చొక్కా మీద రక్తం అలాగే ఉండగా ఊరికి తిరిగొచ్చి, "నన్ను గెలిపించుండ్రి, ఊర్లె ఒక్క కుక్క లేకుండ చేస్త" అని మాటిచ్చాడు. ఆ మాట ఓట్ల కోసం అన్నది కాదు. అయినా ఓట్లు దానికే పడ్డాయి.

మర్నాడు గ్రామసభకు ఊరంతా వచ్చింది. నేను ఫొటోలు తీస్తున్నాను. అన్న మైకు అందుకున్నాడు.

"మేడారం జాతర అయిన తెల్లారి కుక్కలకు విషం సూదులు వేసేటోళ్లు వస్తరు. నేను మాటిచ్చిన, మాట మీద ఉంట. మొదలు మా ఇంటి నుంచే షురూ. మా మోతితోనే."

జనం చప్పట్లు కొట్టారు. అన్న కుర్చీ పక్కనే పడుకున్న మోతి తన పేరు వినబడగానే లేచి నిలబడి తోకాడించింది.

మోతి మామూలు ఊరకుక్కే, గోధుమ రంగు మీద తెల్ల మచ్చలు. నాయిన చనిపోయిన ఏడాది, వానలో తడుస్తున్న కూనను అన్నే జేబు రుమాలులో చుట్టి తెచ్చాడు. ఎన్నికలప్పుడు అన్న కన్నా ముందు అదే గడప గడపకూ తిరిగింది. ప్రచారం ఫొటోలన్నీ నేనే తీశాను. అన్న దండం పెడుతున్న ప్రతి ఫొటోలో కాళ్ల దగ్గర మోతి ఉండేది. ఫ్లెక్సీలో సర్పంచి అభ్యర్థి పక్కన కుక్క బాగుండదని, దాన్ని కత్తిరించి పంపేదాన్ని.

కెమెరా దించి ఆడవాళ్ల మధ్య నుంచి ముందుకొచ్చాను. "అన్నా, ఇంటి కుక్కలకు కూడా సూదేనా?"

"ఇంటి కుక్క ఏది, ఊరకుక్క ఏది రజినీ? మన ఊర్లె ఏ కుక్క మెడకన్న పట్టీ ఉన్నదా? పొద్దుగాల ఒక ఇంట్ల తింటది, మాపటికి ఇంకో ఇంటి ముందట పంటది."

"చట్టం ఒప్పుకోదు."

"చట్టం సక్రు బిడ్డ బుగ్గ చూసిందా?"

ఆ బుగ్గ నేనూ చూశాను. కానీ మోతి ఇంకా తోకాడిస్తూనే ఉంది.

"అయితే ఎవలది వాళ్లు చెప్పుకుంటరు. నేను ఇల్లిల్లు తిరిగి ఫొటోలు తీస్త. మనిషితోని దిగిన కుక్కను ముట్టద్దు" అన్నాను.

మా అన్న మంచివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"సరే. ఇంటి పెద్ద కుక్క తల మీద చెయ్యి పెట్టి ఫొటో దిగాలె. గా కుక్క జోలికి పోం. రేపు అది ఎవల్నన్న కరిస్తె గా చెయ్యి ఎవలిదో వాళ్లదే జిమ్మేదారి. జాతర దాక టైమిస్తున్న." మైకు ఇంకొంచెం దగ్గరికి లాక్కుని అన్నాడు. "మా ఇంట్ల మాత్రం చెయ్యి పెట్టేటోడు లేడు. సర్పంచి తన కుక్కను దాసుకున్నడు అనే మాట నాకద్దు."

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. నాకు కోపం వస్తే అరవడం రాదు, పనిలో పడతాను. మర్నాడు కెమెరా బ్యాగు భుజానికేసుకుని బయలుదేరాను.

మొదట కనకయ్య తాత ఇంటికి వెళ్లాను. చెవి చిరిగిన నల్ల కుక్కొకటి ఆయన గడపకు అడ్డంగా పడుకుని ఉంది. దాన్ని దాటకుండా ఆ ఇంట్లోకి పోలేం.

"మాది కాదు బిడ్డా. ఊరికే పంటది" అన్నాడు తాత. కుక్క ఆయన ముఖంలోకే చూస్తోంది.

"నీ దిక్కే చూస్తున్నది గద తాతా!"

"చూడనీ. సూర్యుని దిక్కు కూడ చూస్తది."

పక్క వాడలో మరియమ్మ అప్పుడే చికెన్ కూర కలిపిన అన్నం రేకు పళ్లెంలో పెట్టి, "జానీ! జానీ!" అని పిలుస్తోంది. నన్ను చూడగానే పిలుపు ఆపేసింది.

"తినవెడ్తం రజినీ, గంతే. మా ఇంటాయన చెయ్యి పెట్టినంక అది ఎవల్నో పట్టుకుంటె మా బతుకేంగాను?"

పదేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఫొటో అంటే మా జనం పీటల మీద దంపతులను కూడా తోసేసి ముందుకొస్తారు. అదే జనం ఇప్పుడు కెమెరా ఎత్తగానే గోడ చాటుకు జరిగారు. పోశాలు అనే ఆయన ఎలాగో ధైర్యం చేసి చెయ్యి పెట్టాడు గానీ, బటన్ నొక్కే సమయానికి ఎత్తేశాడు. ఆ ఫొటోలో ఆయన కుక్కను దీవిస్తున్నట్టు పడ్డాడు. మళ్లీ తీస్తానంటే తలుపేసుకున్నాడు.

వారం తిరిగేసరికి నా కెమెరాలో మనుషులు లేని కుక్కలు చాలా ఉన్నాయి, చెయ్యి ఉన్న కుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అన్నం తింటుంటే అన్న అడిగాడు.

"ఎంతవరకొచ్చింది?"

"అయితున్నది."

"ఊర్లె తిరుగుడు కాదు. ముందుగాల సక్రు ఇంటికి పో. ఆ పోరి ముందట నిలబడి కుక్కలను కాపాడుండ్రి అని అను. అప్పుడు మాట్లాడుదాం."

"పోత" అన్నాను. ఆయన పోననుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. కానీ నోరు జారాక ఇంకేం చేస్తాం, తెల్లారి తండాకు నడిచాను.

సక్రు మేకలకు తుమ్మ కొమ్మలు కొడుతున్నాడు. నన్ను చూసి గొడ్డలి పక్కన పెట్టాడు. దొడ్డి వాకిట్లో మట్టి రంగు కుక్కొకటి కూర్చుని ఉంది. దానికి ఆనుకుని సంగీత రేగుపళ్లు తింటోంది.

"దేవేందరన్న పంపిండా?"

"పొమ్మన్నడు" అన్నాను. రెండూ ఒకటి కాదని ఆయనకు అర్థమైనట్టుంది, నవ్వాడు.

"నా బిడ్డను కరిసినదాన్ని ఆ దినమే కొట్టి చంపినం. నేనే కొట్టిన. గిది మా భూరా. గిది లేకుంటె నా మేకల సగం ఎప్పుడో నక్కలు, దొంగలు కలిసి పంచుకుందురు."

"మరి ఫొటోకు ఎందుకు రాలేదన్నా?"

సక్రు ఒక కొమ్మ తీసి మేకలకు వేశాడు.

"ఏ మొఖం పెట్టుకోని రావాలె అక్కా? గీ మాట పుట్టిందే నా బిడ్డ కోసం. దేవేందరన్న నా బిడ్డను ఎత్తుకోని ఉరికిండు. ఇప్పుడు నేనే పోయి నా కుక్కను ఉంచుండ్రి అంటె ఊరు నా మొఖం మీద ఉమ్మదా?"

ఊళ్లో అందరికన్నా ముందు కుక్కలు పోవాలని కోరుకుంటాడనుకున్న మనిషి, నోరు తెరవడానికి సిగ్గుపడి తన కుక్కను చంపుకోవడానికి సిద్ధమయ్యాడు. మా ఇంట్లో కూడా ఒకడున్నాడు అలాంటివాడు.

"ఊరు సంగతి నేను చూసుకుంట. నువ్వు కూసో" అన్నాను.

ఆయన కూర్చున్నాడు. సంగీత రేగుపళ్లు ఒడిలో పెట్టుకుని నా వైపు చూసింది. కుట్లు విప్పారు గానీ గీత ఇంకా ఎర్రగా ఉంది.

"నేను కూడ దిగుత. నా బుగ్గ పడకుండ తీస్తవా?"

"తీస్త బిడ్డా. నువ్వు భూరా చెవి పక్కకు జరుగు."

దుమ్ములో బోర్లా పడుకున్నాను. భూరా చెవి సరిగ్గా ఆ గీతకు అడ్డమొచ్చింది. సక్రు చెయ్యి కుక్క తల మీద పెట్టాడు. దాని మీద సంగీత చెయ్యి పెట్టింది. సక్రు వేలి గోటి మీద ఓటేసిన సిరా ఇంకా పోలేదు.

"ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టనా?" అని అడిగాను.

సక్రు భూరాను చూసి, బిడ్డను చూసి, "పెట్టు" అన్నాడు.

ఇంటికి రాగానే ఫొటోను ఫోనులోకి ఎక్కించి ముందు అన్నకు చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"కుట్లు ఏవి?"

"అద్దన్నది."

"భయపడలేదా?"

"దాని కుక్కను చూస్తె అదెందుకు భయపడ్తదన్నా?" అని, సక్రు అన్న మాటలు కూడా ఒక్కటీ విడవకుండా చెప్పాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. మోతి వెంట పరుగెత్తింది. గేటు దగ్గర ఆగి దాన్ని వెనక్కి పొమ్మన్నాడు. అది పోలేదు.

ఫొటో గ్రూపులో పెట్టాను. కింద ఏమీ రాయలేదు. తెల్లారి లేచేసరికి మా గేటు ముందు కనకయ్య తాత నిలబడి ఉన్నాడు. పక్కన సబ్బుతో రుద్దిన నల్ల కుక్క, నొసట రూపాయంత బొట్టుతో.

"గా పసిపోరికి ఉన్నపాటి ధైర్యం మాకు లేకపాయె. తియ్యి బిడ్డా. మా రాముడు ఇది" అన్నాడు.

అప్పటినుంచి నాకు తిండికి తీరిక లేకపోయింది. కుక్కలకు పౌడరు రాశారు, ప్లాస్టిక్ కుర్చీల మీద ఎక్కించారు. ఒకావిడ తన కుక్కకు కొడుకు పుట్టినరోజు టోపీ పెట్టుకొచ్చింది. మరియమ్మ మొగుడు జానీని పట్టుకొస్తే, చూద్దును కదా, కనకయ్య తాత రాముడే! అదే చిరిగిన చెవి. అటు బొట్టు, ఇటు కూరన్నం రెండూ అనుభవిస్తోంది గడుసుది. వారం కింద ఎవరిదీ కాని కుక్క కోసం ఇప్పుడు రెండు ఇళ్లవాళ్లు వీధిలో నిలబడి కొట్లాడుకున్నారు. ఇద్దరి చేతులూ పెట్టించి ఒకటే ఫొటో తీశాను. జిమ్మేదారి చెరి సగం.

హరిత వదిన పాత చీర చింపి ప్రతి కుక్క మెడకూ ఎర్ర పట్టీ కట్టింది. టేకుమట్లలో ఉన్న వాళ్ల తమ్ముడు ఫోను చేసి, "అక్కా, మా దిక్కు కూడ గీ లొల్లే ఉన్నది. రజినీని పంపుతవా?" అని అడిగాడట. అన్న దంతాలపల్లి నుంచి పశువుల డాక్టరును పిలిపించాడు. ఫొటో దిగిన ప్రతి కుక్కకూ దగ్గరుండి రేబిస్ టీకా వేయించాడు. పంచాయతీలో కూర్చుని నేను ఇచ్చిన ఫొటోలు ఒక్కొక్కటే చూసేవాడు. చాలా చేతుల మీద సిరా కనిపించేది. కుక్కలు పోవాలని ఓటేసిన వేళ్లు ఇప్పుడు కుక్కల చెవుల మధ్య ఉన్నాయి.

చివరికి ఎర్ర పట్టీ లేకుండా తిరుగుతున్నవి పంచాయతీ వరండాలో పడుకునే రెండు ముసలి కుక్కలు, మా మోతి.

మేడారం బయలుదేరే ముందు రోజు అవ్వ వాకిట్లో కూర్చుని తల్లులకు ఇచ్చే బంగారం, అదే బెల్లం, గుడ్డలో మూట కడుతోంది. మూట ముడి వేసి పక్కన పెట్టి నన్ను పిలిచింది.

"రజినీ, కెమెరా పట్టుకరా."

మోతిని దగ్గరికి లాక్కుని దాని తల మీద చెయ్యి పెట్టింది. అన్న ఇంట్లోంచి బయటికొచ్చాడు.

"అవ్వా, ఇంటి పెద్ద చెయ్యి ఉండాలె."

"ఎవలురా ఇంటి పెద్ద? హరితా, రేషన్ కార్డు పట్టుకరా బిడ్డా. అండ్ల ఇంటి పెద్ద అని ఎవల పేరున్నదో సర్పంచి సాబ్‌కు సదివి వినిపియ్యి."

"తెచ్చుడెందుకు అత్తమ్మా? నీ పేరే ఉన్నది" అంది వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ నియమం పెట్టింది అన్నే. దాన్లో ఈ సందు ఉందని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు. బియ్యం తెచ్చుకోవడానికి నెలనెలా వేలిముద్ర వేసే మనిషికే తట్టింది.

"అందరి ముందట అన్న అవ్వా. నా మాట పోతది" అన్నాడు అన్న. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

"నీ మాట నీది. కుక్క నాది. రేపు ఎవల్నన్న కరిస్తె నన్నే పట్టుకపోండ్రి. తియ్యవే నువ్వు!"

నేల మీద బోర్లా పడుకున్నాను. మోతిని ఎన్నో ఏళ్లుగా తీస్తున్నాను, ఒక్కసారైనా కెమెరా వైపు చూసింది లేదు. అలాంటిది ఆ రోజు చెవులు రెండూ నిక్కబొడుచుకుని, నోరు కొంచెం తెరిచి, సూటిగా లెన్సులోకి చూసింది. బటన్ నొక్కాను. ఇంత మంచి ఫొటో బ్రూనోది కూడా పడలేదు.

అప్పుడు జనగామ గుర్తొచ్చింది. తల తిప్పి చూశాను. నా వెనకే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, అన్న కాళ్లు.

లేచి కెమెరా ఆయన చేతికిచ్చాను.

"మంచిగ చూసింది గద కెమెరా దిక్కు" అన్నాడు.

"కెమెరా దిక్కు కాదన్నా."

బ్రూనో కథ ఆ రోజు ఆయనా విన్నాడు. కెమెరా స్క్రీన్ లోకి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. మోతి తోక నేలకు టపటపా కొట్టుకుంటోంది. అవ్వ చెయ్యి దాని తల మీద నుంచి తియ్యలేదు. అన్న కెమెరా నాకు తిరిగిచ్చి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, మోతికి అటువైపు నేల మీద కూర్చున్నాడు.

"ఇంకోటి తియ్యి" అన్నాడు.

తీశాను. ఫొటోగ్రాఫరుగా చెప్పాలంటే అది పాడైన ఫొటో. మోతి పూర్తిగా అన్న వైపు తిరిగి గడ్డం నాకుతోంది, ముఖం సగమే పడింది. అన్న కళ్లు మూసుకున్నాడు. అవ్వ నోరంతా తెరిచి నవ్వుతోంది. పంచాయతీకి మొదటి ఫొటోనే ఇచ్చాను.

జాతర నుంచి వచ్చాక అన్న సూదులవాళ్లకు ఫోను చేసి రావద్దన్నాడు. ఆ సాయంత్రమే నలుగురు కూర్చున్న చోట ఎవరో, "సర్పంచి కుక్క బతికిపాయె" అన్నారు. "అవు, బతికింది. చెయ్యి నాదే. కరిస్తె నన్ను అడుగుండ్రి" అని ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. వరండాలోని రెండు ముసలి కుక్కల ఫొటోలో కూడా ఆయన చెయ్యే ఉంది. పంచాయతీకి ఇంటి పెద్ద ఎవరని నేను అడిగితే ఆయనే వచ్చి వాటి మధ్య కూర్చున్నాడు.

మా ఇంటి ముందరి గదిలో అన్న గెలిచిన రోజు ఫొటో పటం కట్టి ఉండేది. మెడ నిండా దండలు, చేతులు జోడించి ఉన్నాడు, కాళ్ల దగ్గర ఖాళీ. ఉగాదికి సున్నాలు వేసేటప్పుడు అన్న దాన్ని దింపి, అదే మేకుకు ఆ పాడైన ఫొటో తగిలించాడు. అందులో నేనేమీ కత్తిరించలేదు.